ప్రమోటరుకు ఓటు లేని చోట

ప్రశ్న: నాకో లిస్టెడ్ కంపెనీలో 400 షేర్లున్నాయి. 52 శాతం ఉన్న ప్రమోటర్ (కంపెనీని తన అదుపులో నడిపించే ప్రధాన వాటాదారు) తన మరో కంపెనీకి అప్పు ఇప్పించుకోడానికి వాటాదారుల అనుమతి అడుగుతున్నాడు. నా ఓటుకు విలువుందా?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: మిగతా తీర్మానాల సంగతేమో గానీ, దీనికి మాత్రం ఉంది. సంబంధిత పక్షాలతో (ప్రమోటర్, అతని ఇతర కంపెనీల వంటివాటితో) జరిపే పెద్ద లావాదేవీకి అనుమతి అడిగితే, ఆ పక్షాలెవరూ దానికి అనుకూలంగా ఓటు వేయకూడదని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. ఆ 52 శాతం పక్కకు పోయి, మిగిలినవాళ్ల ఓట్లతోనే లెక్క తేలుతుంది.

ముందు నోటీసు చివర చిన్న అక్షరాల్లో ఉండే వివరణ చదవండి. ఎంత అప్పు, ఎన్నాళ్లకు, ఏ హామీ మీద, ఎంత వడ్డీకి? కంపెనీ తాను బ్యాంకుకు కట్టే వడ్డీ కన్నా తక్కువకు ఇస్తుంటే ఆ తేడా మేర నష్టం వాటాదారులదే. ‘ఎప్పటికప్పుడు బోర్డు నిర్ణయించిన షరతులపై’ అని మాత్రమే రాసి ఉంటే అది ఖాళీ చెక్కే, వ్యతిరేకంగా వేయండి.

కటాఫ్ తేదీ నాటికి షేర్లు మీ డీమ్యాట్‌లో ఉంటే చాలు, ఓటు మీదే. ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో వేసే ఈ-ఓటింగ్ కనీసం మూడు రోజులుంటుంది, సమావేశానికి ముందురోజు సాయంత్రం 5 గంటలకు మూసేస్తారు. ఆ తర్వాత వేయాలంటే సమావేశానికి హాజరు కావాల్సిందే, చాలామంది ఇక్కడే జారవిడుచుకుంటారు. ఒకసారి వేశాక మార్చడానికి వీల్లేదు.

ప్రశ్న: పది శాతం వాటా కూడగడితే మనమే వాటాదారుల మీటింగ్ పెట్టించవచ్చట. మిత్రులం కొందరం కలుద్దామా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: చట్టంలో దారి ఉంది, కానీ మీ బృందానికి అది అందదు. 2013 కంపెనీల చట్టం 100వ సెక్షన్ ప్రకారం ఓటు హక్కున్న మూలధనంలో పదో వంతు ఉన్నవాళ్లు కోరితే, బోర్డు 21 రోజుల్లోగా పిలుపునిచ్చి 45 రోజుల్లోగా సమావేశం జరపాలి. బోర్డు కదలకపోతే, కోరిన తేదీ నుంచి మూడు నెలల్లోగా వాళ్లే జరుపుకోవచ్చు. కాగితం మీద ఇంత తేలికే. టీవీ చానెళ్ల సంస్థ జీ ఎంటర్‌టైన్‌మెంట్‌లో దాదాపు 18 శాతం ఉన్న విదేశీ పెట్టుబడి సంస్థ ఇన్వెస్కో 2021 సెప్టెంబరులో ఇలాగే కోరితే వ్యవహారం కోర్టుకెక్కింది. బాంబే హైకోర్టు డివిజన్ బెంచ్ దానికి అనుకూలంగా చెప్పేసరికి 2022 మార్చి వచ్చింది.

అంతకంటే పనికొచ్చేది ఇంకోటుంది. మూడు నెలలకోసారి కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజీకిచ్చే వాటాల పట్టికలో ఒక శాతం దాటిన ఫండ్ల పేర్లుంటాయి. మ్యూచువల్ ఫండ్లు ఓటు వేసి తీరాలి, ఏ వైపు వేశాయో బయటపెట్టాలి కూడా. నోటీసు వచ్చిన వారంలోనే వాటికి ఒక్క పేజీ ఉత్తరం రాయండి: తీర్మానం నంబరు, అభ్యంతరం, నోటీసులోని పేజీ. కోపతాపాలు వద్దు, అంకెలు చాలు.

ప్రశ్న: ప్రత్యేక తీర్మానాన్ని ఓడించడం సులువా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: ప్రమోటర్ వాటాను బట్టి. ప్రత్యేక తీర్మానం నెగ్గాలంటే పోలైన ఓట్లలో కనీసం 75 శాతం అనుకూలంగా ఉండాలి, కాబట్టి ఓడించాలంటే నాలుగో వంతు కంటే ఎక్కువ వ్యతిరేకంగా పడాలి. ప్రమోటరుకు 52 శాతం ఉండి, బయటివాళ్లవి 28 శాతం పోలైతే ఆ 28లో 20కి మించి కావాలి. ప్రమోటరుకు 60 ఉండి, బయటివి 20 మాత్రమే పోలైతే అందరూ వద్దన్నా నెగ్గేస్తుంది. 2021 ఆగస్టులో ఐషర్ మోటార్స్ ఎండీ పునర్నియామకం దాదాపు 73 శాతం అనుకూలంగా పడినా వీగిపోయింది. గొడవ జీతం గురించి. తర్వాత జీతానికి పరిమితి పెట్టి మళ్లీ అడిగితే వాటాదారులు ఒప్పుకున్నారు.