సెల్లార్ నేల ఎగుడుదిగుడుగా ఉంటే తప్పు ఎవరిది?

ప్రశ్న: హైదరాబాద్‌లోని మా సొంత ఇంటి సెల్లార్‌లో పిల్లల చదువు గది కోసం కాంక్రీటు నేల మీద 1,80,000 రూపాయలకు చెక్క ఫ్లోరింగ్ వేయించాం. నాలుగు నెలలకే పలకలు ఉబ్బి లేచాయి, అడుగు వేస్తే కిర్రుమంటున్నాయి. నేల ఎగుడుదిగుడుగా ఉంది కనుక తనకు బాధ్యత లేదని కాంట్రాక్టరు అంటున్నాడు. మా డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు: ఆ నేలను చూసి, కొలతలు తీసుకుని, రేటు చెప్పిన తర్వాతే ఆయన పని ఒప్పుకున్నాడు కనుక, నేల బాగాలేదన్న మాట ఇప్పుడు ఆయనకు రక్షణ కాదని నా అభిప్రాయం. రసమట్టం పెట్టి చూడడం, పల్లాలను లెవెలింగ్ మిశ్రమంతో పూడ్చడం, కింది నుంచి చెమ్మ ఎక్కకుండా పాలిథిన్ షీటు పరవడం, గోడల వెంట చెక్క వ్యాకోచించడానికి సందు వదలడం ఈ పనిలో భాగాలే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(11) ప్రకారం పని తీరులోని లోపమే కాదు, తెలిసిన విషయాన్ని కావాలని దాచడం కూడా సేవాలోపమే. నేల పనికిరాదని తెలిసీ చెప్పకుండా పలకలు పరిచి ఉంటే ఆ నిబంధన మీకు నేరుగా వర్తిస్తుంది.

అయితే కొటేషన్‌ను మరొకసారి జాగ్రత్తగా చదవండి. లెవెలింగ్ ఇంటి యజమానే చేయించుకోవాలని అందులో ఉన్నా, ఖర్చు ఎక్కువని మీరే దాన్ని వద్దన్నా, మీ వాదన బాగా బలహీనపడుతుంది. మంజూరైన ప్లాన్‌లో ఆ సెల్లార్‌ను పార్కింగ్‌కే చూపి ఉంటే ఎదుటి పక్షం ఆ సంగతి తప్పక లేవనెత్తుతుంది కాబట్టి, మీ వకీలుకు ముందే చెప్పండి.

దయచేసి కోపంలో పలకలు పీకించకండి, ఎందుకంటే మీ అసలు సాక్ష్యం వాటి కిందే ఉంది. రెండు మీటర్ల వంకర లేని తిన్నని బద్దను నేల మీద అడ్డంగా పెట్టి, దాని కింద సందు ఎన్ని మిల్లీమీటర్లు ఉందో టేపు కనిపించేలా ఫొటోలు తీయించండి. ఒక మూల పలక లేపవలసి వస్తే సివిల్ ఇంజినీరు సమక్షంలోనే లేపించి, కింద షీటు ఉందో లేదో, కాంక్రీటు తడిగా ఉందో లేదో ఆయన చేత రాతపూర్వకంగా నివేదిక తీసుకోండి. వాట్సాప్ సందేశాలను చెరపకండి. వాటిని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు కావలసిన ధ్రువపత్రం జతచేయాలి.

ముందుగా మరమ్మతుకో, డబ్బు వాపసుకో పదిహేను రోజుల గడువిచ్చి రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో లీగల్ నోటీసు పంపండి. స్పందన లేకపోతే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కనుక ఫీజు ఉండదు. లోపం బయటపడిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. కాంట్రాక్టరు నోటిమాటగా గడువులు అడుగుతూ పోయినా ఆ రెండేళ్ల లెక్క ఆగదు.