పీటీ సార్‌తో గొడవైతే టీసీ తీసుకుని వెళ్లిపోవాల్సిందేనా?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అబ్బాయికి 13 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతి. స్పోర్ట్స్ షూస్ వేసుకురాలేదని పీటీ సార్ వాడితో ఎండలో గోడకుర్చీ వేయించారు. కాళ్లు వణుకుతున్నాయన్నా వదల్లేదట. వీడు బంతి విసిరికొట్టి, సార్‌ను బూతుమాట అన్నాడు. పది రోజులు సస్పెండ్ చేశారు. ఇప్పుడేమో 'మా ఇష్టంతోనే టీసీ తీసుకుంటున్నాం' అని రాసివ్వమంటున్నారు, లేదంటే పోలీసు కేసు పెడతారట. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. మిగతావన్నీ దీని తర్వాతే.

2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాడినీ బడి నుంచి తీసేయకూడదు. ప్రైవేటు బడి అయినా అంతే. 2019లో వచ్చిన సవరణ ఐదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిల్ చేయడానికి దారి ఇచ్చింది కానీ తీసేయడానికి ఇవ్వలేదు. తీసేసే అధికారం లేదు కాబట్టే 'మా ఇష్టంతోనే' అని మీ చేత రాయించుకోవాలని చూస్తున్నారు. ఒకసారి రాసిచ్చాక, బలవంతంగా రాయించారని నిరూపించడం చాలా కష్టం. ఒక్క సంగతి కనుక్కోండి: అది మైనారిటీ సంస్థ నడిపే స్కూలా? అయితే 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పు వల్ల ఈ చట్టం దానికి వర్తించదు, వేరే దారి వెతకాలి.

పోలీసు కేసు పెడతామన్న మాటకు భయపడకండి. ఇలాంటి చిన్న గొడవలో 18 ఏళ్ల లోపు పిల్లల మీద ఎఫ్ఐఆర్ కట్టరాదని 2016 జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) మోడల్ నియమాలు చెబుతున్నాయి.

ఇక గోడకుర్చీ. మా రోజుల్లో ఇవన్నీ మామూలేగా అని చాలామంది తల్లిదండ్రులే నాతో అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది. పిల్లల్ని శారీరకంగా శిక్షించడాన్ని, మానసికంగా వేధించడాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. అలా చేసిన టీచర్ మీద క్రమశిక్షణ చర్య తీసుకోవాలి.

అయితే సార్ తప్పు చేశారని మీవాడి తప్పు చెరిగిపోదు. బూతుమాట అన్నందుకు, బంతి విసిరినందుకు వాడే సొంత మాటల్లో క్షమాపణ రాయాలి. ఆ రెండింటికీ మాత్రమే. స్కూలువాళ్లు టైప్ చేసి తెచ్చిన కాగితంలో 'ఇదివరకూ ఇలాగే ప్రవర్తించాను' లాంటి వాక్యాలు ఉంటే ఒప్పుకోవద్దు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది, మీ ఉత్తరంలో ఎక్కడా 'వాణ్ని అడిగారు' అన్న మాట లేకపోవడం. గొడవ చల్లారేదాకా ఒకటి రెండు రోజులు ఇంట్లో ఉండమంటే అర్థం చేసుకోవచ్చు. పది రోజులు బయట పెట్టే ముందు ఆరోపణ ఏమిటో రాతపూర్వకంగా ఇవ్వాలి, మీ సమక్షంలో వాడు చెప్పేది వినాలి, గ్రౌండ్‌లో ఉన్న తోటి పిల్లల్ని అడగాలి. నిర్ణయం తీసుకునేవాళ్లలో ఆ పీటీ సార్ ఉండకూడదు. ఫిర్యాదు చేసినాయనే తీర్పు చెబితే అది విచారణ కాదు.

ఇవన్నీ అడుగుతూ ప్రిన్సిపాల్‌కు ఈరోజే ఈమెయిల్ పంపండి. పోయిన పాఠాలు, హాజరు సంగతి కూడా అందులో రాయండి. వారంలో జవాబు రాకపోతే మీ ప్రాంత బీఈఓకు (బ్లాక్ విద్యాధికారికి), బెంగళూరులోనే ఉన్న రాష్ట్ర బాలల హక్కుల రక్షణ కమిషన్‌కు ఫిర్యాదు చేయండి. ఈలోగా మళ్లీ సంతకం పెట్టమని పిలిస్తే ఒంటరిగా వెళ్లకండి, ఇంట్లోవాళ్లను ఎవరినైనా తోడు తీసుకెళ్లండి.