ఉగ్రవాదాన్ని ఏ పేరుతో పిలవాలన్నదానిపై అమెరికాలో అంత గొడవ ఎందుకు?

ఈ ఉగ్రవాదాన్ని 'రాడికల్ ఇస్లాం' (తీవ్రవాద ఇస్లాం) అనడానికి అప్పటి డెమోక్రాట్ అధ్యక్షుడు ఒబామా ఒప్పుకోలేదు. 2016 జూన్ 12న ఓర్లాండో నైట్‌క్లబ్‌లో కాల్పులు జరిగి 49 మంది చనిపోయాక ఈ గొడవ బాగా ముదిరింది. ఆ మాట కూడా అనలేకపోతే ఒబామా రాజీనామా చేయాలన్నాడు రిపబ్లికన్ నేత ట్రంప్. శత్రువును పేరు పెట్టి పిలవకుండా ఓడించలేమన్నది ఆ పక్షం వాదన. ఆ మాటలో మంత్రమేమీ లేదని, అలా పిలిస్తే అమెరికా ఇస్లాం మీదే యుద్ధం చేస్తోందన్న ఉగ్రవాద సంస్థ ఐసిస్ ప్రచారానికి మనమే ఊతమిచ్చినట్టవుతుందని ఒబామా జవాబు. ఆయన ఎక్కువగా వాడింది 'హింసాత్మక తీవ్రవాదం'.

నిజానికి దీన్ని పార్టీల తగాదాగా మాత్రమే చూడలేం. 2001 సెప్టెంబర్ 11 ఉగ్రదాడులు జరిగిన ఆరో రోజునే అప్పటి రిపబ్లికన్ అధ్యక్షుడు బుష్ వాషింగ్టన్‌లోని మసీదుకు వెళ్లి, ఇస్లాం అంటే శాంతి అన్నాడు. అదే బుష్ 2006లో 'ఇస్లామిక్ ఫాసిస్టులు' అని కూడా అన్నాడు!

ట్రంప్ 2017 జనవరిలో ప్రమాణ స్వీకార ప్రసంగంలోనే 'రాడికల్ ఇస్లామిక్ ఉగ్రవాదం' అన్న మాట వాడాడు. మే నెలలో రియాద్‌లో ముస్లిం దేశాల నేతల ముందు మాత్రం స్వరం బాగా తగ్గించాడు. ఎదురుగా కూర్చున్నవాళ్ల సాయం కావాలి మరి.