మీ ప్రశ్న, మా జవాబు: కోతుల అడవిలో కవరుతో పనేంటి?

*ప్రశ్న: మా పెద్దబ్బాయి కేప్‌టౌన్‌లో పనిచేస్తున్నాడు. మార్చిలో మేమూ మా అత్తమ్మా పోతున్నాం. అక్కడ మంకీల్యాండ్ అని ఒకటుందంట, కోతులు బోన్లు లేకుండా అడవిలోనే తిరుగుతుంటాయంట. జూకూ దానికీ తేడా ఏమి? అరటిపండ్లు తీసుకపోతే పెట్టనిస్తారా? అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు, నడవగలుగుతుందా?*
*– ఒక పాఠకురాలు, ఆదోని*

పండ్ల సంగతి ముందు చెప్పేస్తాం. పెట్టనివ్వరు. ముట్టుకోనివ్వరు కూడా. గైడు మొదట చెప్పే మాట అదే. అహోబిలం మెట్ల మీద మనకు అలవాటైన పని అక్కడ తప్పు కింద లెక్క.

మంకీల్యాండ్‌ను 1998లో తెరిచారు. ప్లెటెన్‌బర్గ్ బే అనే సముద్రతీర పట్టణం దాటి తూర్పుగా 16 కిలోమీటర్లు పోతే, ఎన్2 హైవేకి దగ్గర్లో వస్తుంది. కేప్‌టౌన్ నుంచి 500 కిలోమీటర్ల పైమాటే. కారులో ఆరేడు గంటలు పడుతుంది కాబట్టి ఒక్కరోజులో పోయి రావాలనుకోవద్దు. ప్లెటెన్‌బర్గ్ బేలో ఒక రాత్రి ఉండి పొద్దున్నే పోవడం మేలు. పక్కనే బర్డ్స్ ఆఫ్ ఈడెన్ ఉంది. పెద్ద వల గుమ్మటం కింద పక్షులు వదిలిపెట్టినట్టు తిరుగుతుంటాయి. రెండూ ఒకే పూటలో చూడొచ్చు.

జూతో తేడా అడిగారు. ఇలాంటి ఆశ్రయాలకు చేరేవి చాలావరకు ఇళ్ళల్లో పెంచుకుని విసిగిపోయి వదిలించుకున్నవి, బోన్లలో పుట్టి పెరిగినవి. అలాంటి కోతిని అడవిలో వదిలితే బతకదు. ఏ ఆకు తినాలో, ఏది విషమో తెలియదు. గద్ద నీడ పడితే దాక్కోవాలని తెలియదు. అడవి మంద దాన్ని దగ్గరికి రానివ్వదు. అందుకని చుట్టూ కంచె వేసి, లోపల నిజమైన అడవిని వాటికి ఇస్తారు. మడగాస్కర్ లెమూర్లు, దక్షిణ అమెరికా స్క్విరల్ కోతులు, కాపుచిన్లు, ఆసియా గిబ్బన్లు అక్కడ ఒకే అడవిలో ఉంటాయి. కొట్టుకోవా అంటే, చెట్టు వాటికి అంతస్తుల మేడ లాంటిది. గిబ్బన్లు పై కొనలు వదలవు. స్క్విరల్ కోతులు నడిమి కొమ్మల్లో గుంపుగా పరుగెడతాయి. రింగుతోక లెమూర్లకు నేల మీద తిరగడం ఇష్టం. మేత ఒక్కచోటే కుప్పపోస్తే మాత్రం యుద్ధమే. అందుకే ఇలాంటి చోట్ల విడివిడిగా పెడతారు.

పర్యటన గైడుతో కాలినడకన, సుమారు గంట. మధ్యలో చెట్ల ఎత్తున 128 మీటర్ల తాళ్ళ వంతెన ఉంది. అది ఊగుతుంది. రెండు చేతులా తాడు పట్టుకోవాలి కాబట్టి ఊతకర్రతో కుదరదు. అడవి దారంటే వేళ్ళు, తడి ఆకులు ఎలాగూ ఉంటాయి. అత్తమ్మగారి సంగతి టికెట్ తీసుకునేటప్పుడే చెప్పి, వంతెన ఎక్కకుండా తిరిగే దారి, నెమ్మదిగా నడిచే గుంపు అడగండి. లోపలికి పోయాక చెబితే గైడు చేయగలిగింది తక్కువ. ఒకరి కోసం పదిమందిని వెనక్కి తిప్పలేడు కదా.

ఆ తీరంలో వాన ఏ నెలలోనైనా పడుతుంది. గొడుగు కాదు, రెయిన్‌కోటు తీసుకుపోండి. గొడుగు టప్పున విచ్చుకుంటే కోతులు బెదురుతాయి. జేబుల్లో చాక్లెట్, బిస్కెట్ ఏదీ వద్దు. పాలిథిన్ కవరు అసలే వద్దు. ఆ చప్పుడంటే తిండి అని కోతి ఒక్కసారి నేర్చుకుంటే మళ్ళీ మరిచిపోదు. వేలాడే కమ్మలు, తలమీదికి తోసుకున్న కళ్ళద్దాలు తీసి బ్యాగులో పెట్టి జిప్పు వేయండి. స్క్విరల్ కోతి పిల్లి కంటే చిన్నది, దానికి జేబు పెద్ద కుతూహలం. చలి పొద్దున పోతే రింగుతోక లెమూర్లను తప్పకుండా గమనించండి. ఎండకు ఎదురుగా మఠం వేసుక్కూర్చుని, చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టి, తెల్లటి పొట్టకు వెచ్చదనం పట్టిస్తుంటాయి. అచ్చం రచ్చబండ మీద ముసలాయన్ని చూసినట్టే.

ప్రయాణంలో ఎక్కువమంది చిక్కుకునేది విమానం మారే చోట. అడిస్ అబాబా, నైరోబీ లాంటి ఎల్లో ఫీవర్ ముప్పున్న దేశాల విమానాశ్రయాల్లో 12 గంటలకు మించి ఆగితే దక్షిణాఫ్రికా ఆ టీకా పత్రం అడుగుతుంది. టీకా వేసిన పదో రోజు నుంచే పత్రం చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. ఇది మామూలు ఆసుపత్రుల్లో వేయరు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. దుబాయ్ మీదుగా పోతే ఈ తలనొప్పి లేదు. అత్తమ్మగారికి అరవై దాటి ఉంటే ఆ టీకా విషయంలో డాక్టరును అడగకుండా ముందుకు పోవద్దు.

ఇంకొకటి. కోతిపిల్లను భుజం మీద ఎక్కించి ఫొటో తీయిస్తాం, పాలసీసా పట్టిస్తాం అనే చోటు ఎక్కడ కనబడినా, పేరులో ఆశ్రయం అని ఉన్నా, పోవద్దు. ప్రతి ఏడూ కొత్త పిల్లలు కావాలంటే ప్రతి ఏడూ తల్లుల దగ్గర నుంచి లాక్కోవాలి.

*ప్రశ్న: డిసెంబరు సెలవుల్లో అస్సాం పోతున్నాం. జోర్హాట్ దగ్గర గిబ్బన్ల అడవి చూడాలని పిల్లల పట్టు. ఎన్ని గంటలకు పోవాలి, ఏం తీసుకపోవాలి?*
*– అనంతపురం*

ఆ అడవి పేరు హూలంగాపార్ గిబ్బన్ అభయారణ్యం. 20.98 చదరపు కిలోమీటర్లు, చుట్టూ తేయాకు తోటలు. 1997లో అభయారణ్యమైంది, ఇప్పటి పేరు 2004లో పెట్టారు. దగ్గరి రైల్వే స్టేషన్ మరియాని, విమానాశ్రయం జోర్హాట్. ఇక్కడ కంచె లేదు, మేత పెట్టేవారు లేరు. అడవి జంతువు అడవిలోనే ఉంటుంది, కనబడితే మీ అదృష్టం. హూలక్ గిబ్బన్ తప్ప మన దేశంలో వేరే వాలిడు లేదు. వాలిడంటే తోకలేని వానరం. చింపాంజీ, ఒరాంగుటాన్ కూడా వాలిళ్ళే.

గంటల సంగతే అసలు చిక్కు. గడియారం ఒకటే అయినా సూర్యుడు ఒకటి కాదు. మరియాని మనకంటే పదహారు డిగ్రీలకు పైగా తూర్పున ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాలు. అంటే అక్కడ పొద్దు మన కంటే గంటకు పైగా ముందు నడుస్తుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూట్లో పడుతుంది. గిబ్బన్లు అంతకంటే తొందర. మధ్యాహ్నం రెండు మూడు గంటలకే పడుకునే చెట్టు చూసుకుంటాయి. టిఫిన్ చేసి, స్నానాలు చేసి, పదకొండింటికి గేటు దగ్గరికి చేరినవాళ్ళు మామూలు కోతుల్ని చూసి వెనక్కి వస్తారు. ముందురోజే అటవీ శాఖ వాళ్ళతో మాట్లాడుకుని, తెల్లవారగానే లోపలికి అడుగు పెట్టేలా చూసుకోండి. చలి ఉంటుంది, స్వెటర్ మరవొద్దు.

లోపలికి పోయాక మీకు పని చెవులతో. ఆడా మగా జంటగా పాడతాయి. ఒకటి ఎత్తుకుంటే రెండోది అందుకుంటుంది, కూత కిలోమీటరు దూరం వినబడుతుంది. గైడు ఆ దిక్కు పట్టుకుని నడుస్తాడు. చెట్టు కిందికి చేరాక గొంతు తగ్గించి నిలబడిపోండి. పరుగెత్తుకుంటూ వెంటబడితే రెండు ఊపుల్లో మాయమవుతాయి. కళ్ళపైన తెల్ల కనుబొమలున్న నల్లటిది మగది, గోధుమ రంగుది ఆడది. పిల్ల తెల్లగా పుట్టి, నల్లబడి, ఆడపిల్లయితే ఈడొచ్చాక మళ్ళీ గోధుమ రంగుకు తిరుగుతుంది. అందుకే కుటుంబంలో నల్లవి ఎక్కువ కనబడితే అన్నీ మగవని లెక్కేసుకోవద్దు. నేలకు దిగడం చాలా అరుదు. కొమ్మ నుంచి కొమ్మకు చేతులతోనే పోతాయి కాబట్టి కొమ్మలు కలవని చోట వాటికి దారి తెగినట్టే. ఆ అడవిని రెండు ముక్కలు చేస్తూ పోయే రైలు పట్టాలు అందుకే అంత గొడవ.

తుపాకీతో ఒక అటవీ రక్షకుడు మీతో వస్తాడు. గిబ్బన్ల కోసం కాదు, ఏనుగుల కోసం. అతను ఆగమంటే ఆగాలి, ఎందుకని అడగడం తర్వాత.

బైనాక్యులర్స్ కొంటుంటే 8x42 తీసుకోండి. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 42ను 8తో భాగిస్తే అయిదు మిల్లీమీటర్లకు పైగా వెడల్పున వెలుగు కంటికి అందుతుంది, చెట్ల నీడలో అది కావాలి. జేబులో పట్టే 10x25లో రెండున్నరే, పైగా చెయ్యి వణికితే బొమ్మ ఎగురుతుంది. తొక్కిన చోట చప్పుడు చేయని కాన్వాస్ బూట్లు, ముదురు రంగు పొడుగు చేతుల చొక్కాలు, దోమల మందు చాలు. సెంటు వద్దు, తలలో పూలు కూడా ఆ పూటకు వద్దు. గడ్డి తడిగా ఉంటే జలగలు పడతాయి. ప్యాంటు సాక్సులోకి దోపండి. జలగ పట్టిందని లాగొద్దు. సన్నటి కొన వైపు గోరు జొనిపి పక్కకు నెడితే పట్టు వదులుతుంది. రక్తం కాసేపు కారుతూనే ఉంటుంది, అది గడ్డకట్టకుండా జలగ ఒక రసం వదులుతుంది. నొక్కి పట్టుకుంటే చాలు.

ఇంట్లో ఎవరికైనా జలుబు, దగ్గు ఉంటే వాళ్ళను ఆ పూట గదిలోనే ఉంచండి. మనకు మూడు రోజుల జలుబు, వాలిళ్ళకు ప్రాణం మీదికి రావచ్చు. పది మీటర్ల దూరం ఎప్పుడూ ఉంచండి.

పిల్లలకు కదలకుండా నిలబడటం అలవాటు కావాలంటే ముందు మన బైర్లూటిలో ఒక పూట గడపండి. ఆత్మకూరు దగ్గర, నల్లమలలో. జింకల గుంపు ఎక్కడుంటే పైన కొండముచ్చులు వెతకండి. అవి కొరికి వదిలిన ఆకుల కోసమే జింకలు కింద చేరతాయి. కొండముచ్చు ఒక్కసారిగా "ఖక్, ఖక్" మని గొంతు చించుకుంటే దగ్గర్లో చిరుతో పులో ఉన్నట్టు. వానాకాలంలో సఫారీ మూసేస్తారు.

*ప్రశ్న: అహోబిలంలో కోతి మా చిన్నాయన చెయ్యి గీరింది. రక్తం కొంచెమే. పసుపు పెట్టి ఊరుకున్నాం. పర్వాలేదా?*
*– ప్రొద్దుటూరు*

పర్వాలేదని కూర్చోవద్దు. ఈ జవాబు చదివిన రోజే ప్రభుత్వాసుపత్రికి పోండి. గీరినా, కొరికినా, రక్తం చుక్క కనబడితే రేబిస్ టీకా తప్పదు. ఆలస్యమైనా వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, ఆ తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు వేస్తారు. నొప్పి తగ్గిందని మధ్యలో ఏదీ ఎగ్గొట్టొద్దు. రక్తం వచ్చిన గాయం కాబట్టి గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేయడం మొదలయ్యేదాకా కాపాడే మందు) కూడా అవసరం పడుతుంది. అది మొదటి డోసు వేసిన వారం లోపలే. టెటనస్ సంగతీ అడగండి. కుక్క అయితే పది రోజులు కనిపెట్టి చూస్తారు, కోతికి ఆ లెక్క పనికిరాదు. గుంపులో ఏది గీరిందో మీకేం తెలుసు?

మరోసారి ఎవరికైనా జరిగితే, వెంటనే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం పెట్టొద్దు, కట్టు బిగించి కట్టొద్దు.

కోతి బ్యాగు పట్టుకుంటే వదిలేయండి. మీరు లాగారంటే కరుస్తుంది. ఖాళీ అరచేతులు రెండూ విప్పి చూపించి, వెనక్కి తిరగకుండా మెల్లగా పక్కకు జరగండి. కళ్ళలోకి చూడొద్దు. నోరు తెరిచి కనుబొమలు పైకెత్తి చూస్తే అది బెదిరింపు. పళ్ళు బిగించి పెదాలు వెనక్కి లాగి ఇకిలిస్తే భయపడుతోందని. నవ్వుతోందనుకుని ముఖం దగ్గరికి ఫోను పెట్టేవాళ్ళే ఎక్కువగా దెబ్బ తింటారు.

*ప్రశ్న: తోక చూసి కోతి రకం చెప్పొచ్చంటారు, నిజమా?*
*– గుంతకల్లు*

చాలావరకు. మన ఊళ్ళల్లో కనబడే కోతి తోక ఒంటికంటే పొడుగు, తలమీద పాపిట తీసి దువ్వినట్టు వెంట్రుకలు. ఉత్తరాది కోతికి తోక పొట్టి. కొండముచ్చు నడిచేటప్పుడు దక్షిణాదిలో తోక కొన వెనక్కి వంగుతుంది, ఉత్తరాదిలో తల వైపు ముందుకు వంగుతుంది. తోకే లేకపోతే గిబ్బన్ లాంటి వాలిడు కావచ్చు, లేదా మన దేవాంగపిల్లి. పేరులో పిల్లి ఉన్నా అది కోతులకు దూరపు చుట్టం, ఇంగ్లీషులో స్లెండర్ లోరిస్ అంటారు.

*ప్రశ్న: దేవాంగపిల్లిని ఎక్కడ చూడొచ్చు?*
*– రాయచోటి*

మీకు దగ్గరి శేషాచలం అడవుల్లోనే ఉంది, నల్లమలలోనూ ఉంది. పావు కిలో బరువు, పురుగులు తింటుంది, రాత్రే తిరుగుతుంది. రాత్రిపూట రిజర్వ్ అడవిలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా పోకూడదు. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు మడతలు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి, తెల్ల వెలుగు దాని కళ్ళకు బాధ. ముళ్ళపొదల్లో రెండు నారింజ రంగు చుక్కలు పక్కపక్కన మెరిస్తే, వెలుగు కొంచెం పక్కకు తిప్పి ఆగండి. అది తొందరపడదు, ఒక్కో చెయ్యీ లెక్కపెట్టి వేసినట్టు కొమ్మ పట్టుకుంటూ పోతుంది. మందులకనీ చేతబడికనీ దీన్ని పట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. వన్యప్రాణి రక్షణ చట్టంలో షెడ్యూల్ ఒకటి జంతువు కాబట్టి జైలు మూడేళ్ళ నుంచి ఏడేళ్ళు. తమిళనాడులో దిండుక్కల్, కరూర్ జిల్లాల్లో కడవూర్ దగ్గర 2022లో దీని ఒక్కదాని కోసమే 11,806 హెక్టార్ల అభయారణ్యం ప్రకటించారు.