పసిఫిక్ మహాసముద్రంలోని నౌరు లాంటి బుల్లి దేశానికి సొంత విమాన సంస్థ ఎలా నడుస్తోంది?

నౌరు ఎయిర్‌లైన్స్ కేవలం సొంత జనం కొనే టికెట్ల మీద నడవడం లేదు. చుట్టుపక్కల దీవులను ఆస్ట్రేలియాతో కలపడం, సరుకు రవాణా, చార్టర్ (మొత్తంగా అద్దెకిచ్చే) విమానాలు కూడా దానికి ఆదాయం తెచ్చిపెడతాయి. దేశం మొత్తం 21 చదరపు కిలోమీటర్లే, జనాభా సుమారు పన్నెండు వేలు. అంతమందితో బోయింగ్ 737లు నింపడం అయ్యే పని కాదు. అందుకే బ్రిస్బేన్‌లో బయల్దేరిన విమానం నౌరులో ఆగి, అక్కడి నుంచి పక్క దీవుల దేశం కిరిబాటిలోని తరావాకు కూడా వెళ్తుంది. దారిలో దొరికిన ప్రయాణికులంతా లెక్కలోకి వస్తారు.

ఇదంతా గొప్ప కోసం పెట్టుకున్న ఖర్చని చాలామంది అనుకుంటారు. ఎరువుల్లో వాడే ఫాస్ఫేట్ ఖనిజం అమ్మిన డబ్బు దండిగా ఉన్న రోజుల్లో, ‘ఎయిర్ నౌరు’ పేరుతో 1970లో మొదలైనప్పటి సంగతైతే అందులో కొంత నిజమే. ఖాళీ సీట్లతోనే తిప్పారు. కానీ 2005 డిసెంబరులో అప్పు కట్టలేక ఉన్న ఒక్క జెట్ జప్తు అయ్యేసరికి, దేశానికి బయటి ప్రపంచంతో రాకపోకలే దాదాపు తెగిపోయాయి. 2006లో తైవాన్ సాయంతో ఆ సంస్థ ‘అవర్ ఎయిర్‌లైన్’గా మళ్లీ ఎగిరింది. ఇప్పటి పేరు 2014లో వచ్చింది.