స్టెంట్ వేశాక రక్తనాళం లోపలికి మళ్లీ ఎందుకు చూస్తారు?

గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచేందుకు వేసిన స్టెంట్ (సన్నని జాలీ గొట్టం) యాంజియోగ్రామ్‌లో (రంగు మందు ఎక్కించి తీసే ఎక్స్‌రేలో) బాగానే కనిపిస్తుంటే, నాళం లోపలికి సన్నని గొట్టం పంపి చేసే ఐవస్, ఓసీటీ పరీక్షలు ఎందుకని ఒకరు అడిగారు. యాంజియోగ్రామ్ చూపేది రక్తం పారే దారి నీడను మాత్రమే. ఐవస్ అల్ట్రాసౌండ్‌తో, ఓసీటీ కాంతితో నాళం గోడనే చూపిస్తాయి.

స్టెంట్ మళ్లీ మూసుకుపోవడానికి పెద్ద కారణం అది పూర్తిగా విచ్చుకోకపోవడం. ఐవస్‌లో దాని అతి ఇరుకైన చోట వైశాల్యం 5.5 చదరపు మిల్లీమీటర్లు దాటాలని చూస్తారు. గుండె ఎడమ ప్రధాన ధమనిలోనైతే ఇంకా ఎక్కువ ఉండాలి. తగ్గితే స్టెంట్ లోపల గట్టి బెలూన్‌ను అధిక పీడనంతో ఉబ్బిస్తారు. గోడ చుట్టూ కాల్షియం వలయంలా పేరుకుంటే మాత్రం ఆ కాల్షియాన్ని స్టెంట్ వేసే ముందే పగలగొట్టాలి, తర్వాత సరిదిద్దడం చాలా కష్టం. ఇది నొక్కి చెబుతున్నాను.

స్టెంట్ అంచున నాళం గోడలో పడే చిన్న చీలికలు సాధారణంగా వాటంతటవే మానతాయి. లోతుగా, పొడవుగా ఉంటే మరో స్టెంట్ అవసరం కావచ్చు. ఓసీటీకి సాధారణంగా రంగు మందు అదనంగా ఎక్కించాలి కాబట్టి కిడ్నీలు బలహీనంగా ఉన్నవారికి ఐవస్ మేలు.