అరకులో తెల్లవారుజాము పెళ్లి: మేళం, ఫోటోలు, వీడియో

మాఘంలో అరకులో మీ చెల్లెలి పెళ్లి, ముహూర్తం తెల్లవారుజామున 4 గంటలకు, మేళం వాళ్లు, ఫోటోగ్రాఫరు, వీడియో వాళ్లు ఎవరి మాట వారిదే అంటున్నారని రాశారు. కంగారు పడకండి. ముందు ఆ ముగ్గురినీ పురోహితుడు గారితో ఫోనులో మాట్లాడించండి. ఏ తంతు ఎప్పుడో ఆయన చెప్పిందే అందరికీ ప్రమాణం కావాలి.

అసలు చిక్కంతా జీలకర్ర-బెల్లం దగ్గరే. గట్టిమేళం మోగగానే వీడియోలో మంత్రం వినిపించదు. పురోహితుడి ఉత్తరీయానికి చిన్న మైకు తగిలించి, ఆ ధ్వనిని విడిగా రికార్డు చేయమనండి. సన్నాయి, డోలు వాళ్లను మండపానికి ఒక పక్కన, ఆయన చెయ్యి కనిపించేలా కూర్చోబెట్టండి. ఎదురుగా ఉన్న చోటు కెమెరాలకు వదలండి. వీడియో లైట్ల వెలుగులోనే ఫోటోలు తీయమనండి, ఫ్లాష్ వెలిగిన ప్రతిసారీ వీడియో పాడవుతుంది.

మీరు అడగలేదు గానీ, ఇది ముఖ్యం: రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లకు, వాద్యాలకు నిబంధనలు ఒప్పుకోవు. మండపం హాల్లోనే వేయించండి. బయటి చలిలోంచి తెచ్చిన కెమెరా లెన్సు వెచ్చని హాల్లో చెమ్మగిల్లుతుంది, కాబట్టి సంచితో సహా గంట ముందే లోపల పెట్టించండి. డ్రోన్ సంగతి మంచు విడిపోయాక, అనుమతి ఉంటేనే.

అందరూ ముందురోజు చీకటి పడకముందే ఘాట్ దాటి రావాలని బయానా ఇచ్చేటప్పుడే రాయించుకోండి.